అదనపు గాలికి అనుమతి

మూడు రోజుల ప్రయాణానికి పారమ్మ సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, లుంగీ, తువ్వాలు, ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టింది. అక్కడితో ఆగి ఉంటే ఆమె భర్త గంగులు ఏమీ అనేవాడు కాదు. ఆ తర్వాత గొడుగు పెట్టింది. గొడుగు మీద స్వెట్టర్ మడత పెట్టి అదిమింది. అప్పటికి ఏప్రిల్ రెండో వారం. కొండ మీద కూడా మధ్యాహ్నమయ్యేసరికి ఇంటి రేకులు కాలి చిటపటమంటున్నాయి.

"ఓలే, నానేటి కాశీకి ఎల్తన్నానా? మూడు రోజులు. మూడంటే మూడు."

"ఉండనీ మావా. బరువు నీకేటి, బండే గదా మోసీది."

"ఎండల్లో స్వెట్టరేటే? సూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వితే నవ్వుతారు. నవ్వీవోళ్ళని కూడా సంచిలో పెట్టీమంటావేటి?"

పారమ్మకు ప్రయాణాలంటే భయం. ఆమె తండ్రి ఉప్పు తెస్తానని చేతులూపుకుంటూ సంతకు వెళ్ళాడు. ఆమె అన్న ఒంటి మీద చొక్కాతో రోడ్డు పనికి వెళ్ళాడు. ఇద్దరూ మళ్ళీ కనబడలేదు. ఇద్దరి చేతిలోనూ సంచి లేదు. సంచి నిండుగా ఉంటే మనిషి ఇంటికి తిరిగొస్తాడని ఆమె అప్పట్లోనే తీర్మానించుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ తీర్మానం ఒక్కసారి కూడా తప్పలేదు. అందువల్ల గంగులు పొరుగూరికి వెళ్ళినా పెళ్ళివారిలా వెళ్ళవలసి వచ్చేది.

గంగులు జోడుమెట్ట ఆరోగ్య కేంద్రం పికప్ బండికి డ్రైవరు. ఆ కొండ మీదికి మందులు, మనుషులు, ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కేది ఆ ఒక్క బండిలోనే. కేంద్రంలో ఉన్న సిలిండర్లు మూడు. ఆ రోజుకి ఒకటి నిండుగా ఉంది, ఒకటి సగం ఉంది, ఒకటి ఖాళీ. ఖాళీది బండిలోకి ఎక్కించారు. పారమ్మది పాత ఆయాసం. చలి ముదిరిందంటే ఆ సిలిండర్ల మీద పెత్తనం దాదాపు ఆమెదే.

"వొచ్చీటప్పుడు సిలిండరు మర్సిపోకు" అంది, సంచి జిప్పు లాగుతూ.

"నిన్ను మర్సిపోతానేటి?"

"నన్ను మర్సిపో, సిలిండరు మర్సిపోకు" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఒకసారి ఆగి, ఊపిరి అందుకుని, మళ్ళీ నవ్వి పూర్తి చేసింది.

ఈ ప్రయాణానికి కారణం ఒక రాయి.

జోడుమెట్ట రోడ్డు మీద ఇరవై ఒక్క మలుపులు. అందులో పద్నాలుగోదాని పేరు నడక మలుపు. అక్కడ రోడ్డు నిచ్చెన వేసినట్టు నిటారుగా లేస్తుంది. బండి అక్కడికి రాగానే ఎవరూ చెప్పకుండానే అందరూ దిగిపోతారు. దిగినవాళ్ళు పక్కనున్న కుప్పలోంచి తలా ఒక రాయి తీసుకుని బండి వెనక నడుస్తారు. బండి జారితే టైరు కింద పెట్టడానికి ఆ రాళ్ళు. పైకెక్కాక వాటిని అక్కడి కుప్పలో వేసి మళ్ళీ బండెక్కుతారు. కొండ దిగేటప్పుడు ఎవరి రాయి వాళ్ళు తెచ్చి కింది కుప్పలో వేస్తారు. ఈ ఏర్పాటుకి కాగితం లేదు, సంతకం లేదు. అయినా పాతికేళ్ళలో ఒక్క రాయి తగ్గలేదు. దీనికి ఒక్కటే మినహాయింపు. ఊపిరి చాలనివాళ్ళు బండిలోనే కూర్చోవచ్చు. ఊపిరి ఉన్నవాళ్ళు నడవాలి.

ఫిబ్రవరిలో వాహన శక్తి అభ్యున్నతి విభాగం ఉపసంచాలకులు సదాశివరావుగారు కొండ తనిఖీకి వచ్చారు. వారి కారు తొమ్మిదో మలుపులో వేడెక్కి ఆగిపోయింది. వారు పికప్ బండి ఎక్కారు. నడక మలుపు దగ్గర అందరితో పాటు దిగారు. దిగి, ముందు సీట్లో కదలకుండా కూర్చున్న ఒక ఆడమనిషిని చూశారు. ఆ మనిషి పారమ్మ. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చాలా మర్యాదగా, "బాబూ, రాయి మర్సిపోనారు" అంది.

సదాశివరావుగారు రాయి పట్టుకుని ఎక్కారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో వారు మోసిన మొదటి బరువు అదే. పైకెక్కేసరికి వారికి ఒక ఆలోచన వచ్చింది.

"డ్రైవర్, ఈ వాహనమునకు శక్తి చాలదు."

"శక్తి సాల్తాదండి బాబూ. కలచ్ ప్లేటు అరిగిపోనాది. అది మార్సీస్తే ఏడుగురినేసుకుని ఎక్కీగలదు. పూట పని."

"అది మరమ్మతు. మరమ్మతు మా విభాగం పరిధిలోనికి రాదు. మేము చేయునది అభ్యున్నతి. దీనికి సూపర్‌చార్జర్ కిట్టు అమర్చవలసి యున్నది."

రెండు నెలలకు కాగితం వచ్చింది. ఏప్రిల్ ఎనిమిదిన బండితో సహా జిల్లా కేంద్రంలో హాజరు కావాలి. కిట్టు ఎంపిక, అమరిక, అప్పగింత కలిపి మూడు రోజులు.

హాజరైన పావుగంటకే గంగులు చేతిలోంచి తాళంచెవి తీసుకుని కవరులో పెట్టారు. బానెట్ మీద తెల్లగుడ్డ అంటించి లక్కముద్ర వేశారు. సదాశివరావుగారు ఎంపిక సంఘాన్ని ఉద్దేశించి మాట్లాడారు. సంఘంలో వారు కాక ఇద్దరు. ఒకరు ఆడిట్ సభ్యురాలు, ఇంకొకరు ఎప్పుడూ నిద్రపోతున్నట్టు కనబడే సాంకేతిక సభ్యులు.

"పెరిగిన శక్తిని కొలవవలెనన్న, పెరగని శక్తి యథాతథముగా నుండవలెను. కావున ఎంపిక పూర్తియగు వరకు వాహనము యథాస్థితిలో నుంచబడును. నడపరాదు, కడగరాదు, తోయరాదు."

"బాబూ, సిలిండరు నింపించుకుని కొండ మీద దింపీసి ఎల్లుండికి ఒచ్చెత్తాను" అన్నాడు గంగులు.

"వాహనము నడిచిన, దాని పాతశక్తి తరుగును. తరిగిన శక్తితో పోల్చిన కిట్టుకు లేని గొప్ప వచ్చును. ఇది న్యాయమా?"

గంగులు న్యాయం గురించి ఆలోచిస్తూ ఉండగా సంఘం టీకి లేచింది.

ఎదురుగా రోడ్డవతల దాలయ్య అనే మెకానిక్‌ది రేకుల షెడ్డు. గంగులు తన ఊరివాడేనని తెలిసి, షెడ్డులో పడుకోవడానికి బల్ల చూపించాడు. సూపర్‌చార్జర్ అంటే ఏమిటో గంగులుకి చెప్పినవాడు కూడా ఆయనే.

"ఇంజనూ మనలాటిదే తమ్ముడూ. డీజిలు దాని తిండి. గాలి దాని ఊపిరి. తిండి ఎంతెట్టినా ఊపిరందకపోతే కదల్నేదు. ఈ సూపర్‌చార్జరున్నాది సూడు, బెల్టుతోటి తిరుగుతూ లోపలికి గాలి బలంగా ఊదీస్తాది. అంతే. గాలెక్కువైతే బలమెక్కువ."

"మడుసులకి నేదేటన్నా అలాటిది?"

"ఉంది గదా. నువ్వు తెచ్చిన ఖాళీ సిలిండరేటి మరి?"

ఎంపికకు మూడు కిట్లు వచ్చాయి. మొదటిది సరిగ్గా ఈ రకం పికప్ బండి కోసమే తయారైంది. టిఫిన్ డబ్బా అంత ఉంది. రెండోది పెద్ద వ్యానులకు పెట్టేది. మూడోది గనుల్లో మట్టి మోసే భారీ టిప్పర్లది. దాన్ని గదిలోకి నలుగురు మోసుకొచ్చారు. అది బల్ల మీద పెడితే బల్ల వంగింది. సంఘం ముగ్ధమైపోయింది.

మార్కుల పట్టికలో శక్తికి నలభై, బరువుకు ముప్ఫై, పెట్టె గట్టిదనానికి ఇరవై, కంపెనీ ప్రతినిధి వినయానికి పది.

"బాబూ, బండికి సరిపోద్దా నేదా అన్న గడి నేదేటండి?" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ గంగులు.

సదాశివరావుగారు జాలిగా చూశారు. "సరిపోవుట యనునది కిట్టు గుణము కాదు, వాహనము గుణము. మనమిప్పుడు ఎంపిక చేయుచున్నది వాహనమును కాదు."

ఆడిట్ సభ్యురాలు ఒక సందేహం లేవనెత్తారు. "ముందుకు పోయే శక్తి పెరిగితే వెనక్కి పోయే శక్తి కూడా పెరుగుతుందా? పెరిగితే దాన్ని దీంట్లోంచి తీసివేయాలి కదా?" ఆ సందేహం మే నెలంతా తిన్నది. చివరికి వెనకడుగు శక్తిని విడిగా నమోదు చేస్తూ అనుబంధం జతపరిచారు. టిఫిన్ డబ్బాకి ముప్ఫై ఒక్క మార్కులు, అందులో పది వినయానివి. టిప్పరు కిట్టుకి తొంభై నాలుగు. దాని ప్రతినిధి కొంచెం తల పొగరు మనిషి, అందుకని తగ్గాయి.

జూన్‌లో వాన మొదలైంది. లక్కముద్ర తడిస్తే యథాస్థితికి భంగమని గంగులుకి మెమో ఇచ్చారు. అతను సంచిలోంచి గొడుగు తీసి బానెట్ మీద పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు ఎందుకు పెట్టిందో అప్పటికి అర్థమైంది, కానీ ఇలా అని పారమ్మ కూడా అనుకుని ఉండదు.

ఆదివారాలు ఆమె ఫోన్ చేసేది. జోడుమెట్టలో ఊరి పైనున్న బండ ఎక్కితే తప్ప సిగ్నలు దొరకదు. ఏప్రిల్‌లో ఆమె బండ ఎక్కి ఒక్క గుక్కలో అరగంట మాట్లాడింది. జూలై వచ్చేసరికి ఫోన్ ఎత్తగానే ముందు కాసేపు ఊపిరి వినబడేది, తర్వాత మాట.

"మావా... గొడుగు పనికొచ్చినాదా?"

"వొచ్చింది. బండికి పడతన్నాను."

"నీకు?"

"నాకు తువ్వాలుంది గదే."

"సగం సిలిండరు అయిపోనాది. నిండుది ఇప్పినారు. ఎస్తేరమ్మ పొదుపుగా పెడతంది." ఎస్తేరమ్మ ఆరోగ్య కేంద్రం నర్సు.

"నువ్వే కిందకి దిగొచ్చీ. ఇక్కడ పెద్దాసుపత్రుంది."

"దిగితే మరెక్కనేను మావా. బండి నేదు గదా."

గంగులు మర్నాడే సిలిండర్ల గోదాముకి వెళ్ళాడు. స్టోర్‌కీపరు మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"సిలిండరు ఇవ్వడానికి అభ్యంతరం ఏమీ లేదు గంగులూ. అధీకృత వాహనం గేటు దగ్గర నిలబడాలి, నేను దాని నంబరు చూసి రాసుకోవాలి. మీ కేంద్రానికి అధీకృతమైన బండి ఒక్కటే ఉంది."

"అది ముద్రేసి ఉందండి. బస్సుకెత్తించుకుని, మలుపు కింద నుంచి మోయించుకుంటాను."

"బస్సు అధీకృతం కాదు. వేరే వాహనం కావాలంటే, ఉన్న వాహనం చెడిపోయిందని సర్టిఫికెట్ తీసుకురా."

సదాశివరావుగారు ఆ సర్టిఫికెట్ ఇవ్వనన్నారు. వారి ముఖంలో నిజమైన బాధ కనబడింది. "చెడిపోయినదని ఎట్లు వ్రాయగలము? ఇది చెడిపోలేదు. అభ్యున్నతిలో నున్నది."

"పోనీ రెండ్రోజులు సెలవిప్పించండి. ఇంటిదాన్ని సూసొత్తాను."

"వాహనముతో వచ్చినవాడు వాహనముతోనే పోవలెను. వదలి పోయిన, వాహన పరిత్యాగము. నీ పింఛనుకు చేటు. నీ మేలు కోరి చెప్పుచున్నాను."

కిట్టు ఎంపికైంది కాబట్టి అమర్చడమే తరువాయి అనుకున్నాడు గంగులు. కానీ ఆడిట్ సభ్యురాలు ఫైలు చివరి పేజీలో ఇంకో ప్రశ్న రాశారు. "ఇంజను అదనంగా గాలి పీల్చునని తెలియవచ్చుచున్నది. సదరు అదనపు గాలి ఎవరిది?"

సాంకేతిక సభ్యులు మొదటిసారి కళ్ళు తెరిచారు. జోడుమెట్ట రోడ్డు రిజర్వు అడవిలోంచి పోతుంది. ఆకు, కట్టె, తేనె అటవీ ఉత్పత్తులు. గాలి సంగతి ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టి అడిగి తీరాలి. అనుమతి కోరుతూ లేఖ వెళ్ళింది. అటవీ కార్యాలయం అలాంటి లేఖను అంతకు ముందెప్పుడూ చూడలేదు గనక చాలా గౌరవంగా స్వీకరించింది. ఆరు వారాలకు జవాబు వచ్చింది.

"సదరు వాహనము మామూలుగా పీల్చు గాలి విషయమై మాకు ఆక్షేపణ లేదు. అది వాడుకగా వచ్చుచున్న హక్కు. అదనముగా పీల్చబోవు గాలి రోజుకెంత? తిరిగి విడుచుదురా? విడుచునప్పుడు తీసికొన్న స్థితిలోనే విడుచుదురా? ఒకవేళ కానిచో, బదులుగా నలువది మొక్కలు నాటి, అవి తగినంత గాలి నిచ్చుచున్నట్లు ధ్రువపరచిన పిమ్మట అనుమతి పరిశీలించబడును."

మొక్కలు కార్యాలయం ఆవరణలో నాటారు. సదాశివరావుగారు మొదటి మొక్క నాటుతుండగా ఫోటో తీశారు. నీళ్ళు పోసే బాధ్యత, ఖాళీగా ఉన్నాడు కాబట్టి, గంగులుకి అప్పగించారు. మొక్క గాలి ఇస్తోందని తెలుసుకోవడం ఎలా అన్న దాని మీద రెండు సమావేశాలు జరిగాయి. మొక్క నడుమెత్తు పెరిగితే ఇస్తున్నట్టే లెక్క అని నిర్ణయించారు. ఎవరి నడుము అన్నది వాయిదా పడింది. తర్వాతి సమావేశంలో అధ్యక్షుల నడుమని తేలింది. సదాశివరావుగారు ఆరడుగుల మనిషి. ఆడిట్ సభ్యురాలి నడుము తీసుకుని ఉంటే అక్టోబరులోనే పని అయిపోయేదని గంగులు తరువాత చాలాసార్లు అనుకున్నాడు.

సెప్టెంబరులో ఒక మేక గోడ దూకి ఆరు మొక్కలు తినేసింది. గాలి లోటు ఏర్పడిందని నివేదించారు. ఆరు మొక్కలు మళ్ళీ నాటారు.

గంగులు ఆ మొక్కలకు పసిపిల్లలకు పోసినట్టు నీళ్ళు పోశాడు. పేడ తెచ్చి వేశాడు. రోజూ పొద్దున్నే సదాశివరావుగారు కారు దిగగానే వారి నడుము కేసి, మొక్కల కేసి మార్చి మార్చి చూసేవాడు.

"ఏమి చూచుచున్నావు?"

"మీ నడుమండి బాబూ. ఇంకా జానెడుంది."

అక్టోబరు రెండో ఆదివారం ఫోన్ రాలేదు. మూడో ఆదివారం ఎస్తేరమ్మ చేసింది. "అక్క బండ ఎక్కలేకపోతంది బావా. సగం ఎక్కి కూకుండిపోనాది. నానే దింపీసి ఇంటికాడ కూకోబెట్టినాను. నోట్లో కొట్టీ గాలి పంపు మందు ఇస్తన్నాను. సిలిండరు మీటరు ముల్లు అడుక్కొచ్చీసింది. సలికాలం ముందుంది. ఏటి సేద్దాం?"

"మీ అక్కేటంది?"

"స్వెట్టరు తీసి తొడుక్కోమంది. ఊర్లో ఒకరికొకరు సెప్పుకుంటన్నారు, మీ ఇద్దరికీ కలిపి అదొక్కటేనటగా?"

గంగులు షెడ్డులోకి వెళ్ళి సంచిలోంచి స్వెట్టర్ తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. తొడుక్కోలేదు. దాలయ్య అది చూశాడు.

"తమ్ముడూ, ముద్ర ఎక్కడేసినారు?"

"బానెట్ మీద."

"కింద ఏసినారా?"

"నేదు."

"కలచ్ ప్లేటు కింద నుంచి మార్సీగలను."

ఒక ఆదివారం, ఆఫీసు గేటు వేసి ఉండగా, దాలయ్య బండి కింద దూరాడు. మధ్యాహ్నం భోజనం వేళకి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. పాత ప్లేటు చూపించాడు. అరిగి అరిగి గాజులా నున్నగా మెరుస్తోంది. "ఇదీ మీ శక్తి" అని దాన్ని పాత ఇనుము కుప్పలో పడేశాడు. పైన తెల్లగుడ్డ, దాని మీద లక్కముద్ర చెక్కుచెదరలేదు. యథాస్థితి యథాస్థితిగానే ఉంది.

డిసెంబరు పద్దెనిమిదిన సదాశివరావుగారు మొక్కల వరుస పక్కన నిలబడ్డారు. ఆడిట్ సభ్యురాలు స్కేలు పెట్టి చూశారు. చివరి మొక్క కూడా నడుము దాటింది. అటవీ కార్యాలయం సాయంత్రానికల్లా అనుమతి ఇచ్చింది. సోమవారం ఇరవై రెండున అమరిక మహోత్సవం. టిప్పరు కిట్టు పెట్టెను, పెట్టెతోనే, పికప్ బండి వెనక ఎక్కించి రిబ్బను కట్టారు. దాన్ని బానెట్ కింద ఎలా పట్టిస్తారని దాలయ్య గోడ మీంచి అడిగితే, అందుకు బానెట్ అభ్యున్నతి సంఘం వేస్తామన్నారు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్న పది గంటలకు గంగులు మొక్కలకు నీళ్ళు పోస్తుండగా ఫోన్ మోగింది. ఎస్తేరమ్మ పరిగెత్తి బండ ఎక్కినట్టుంది, రొప్పుతోంది.

"బావా, తెల్లారగట్ల నుంచి అక్కకి ఊపిరి ఆడ్డం నేదు. సిలిండరు ఖాళీ. సూది మందేసినాను, సాల్డం నేదు. అంబులెన్సు మలుపు కిందదాకే వస్తాది, అది కూడా ఇంకో మండలం ఎల్లిపోనాదంట. కుర్సీకి కర్రలు కట్టి దింపుతన్నాం."

గంగులు బకెట్టు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళాడు. సంఘం ఆహ్వానపత్రిక మీద కూర్చుని ఉంది. 'అమరిక' ముందు రావాలా, 'మహోత్సవం' ముందు రావాలా అని చర్చ.

"బాబూ, నా ఇంటిది సచ్చిపోతంది. బండియ్యండి. సిలిండరట్టుకెళ్ళి సాయంత్రానికి తెచ్చి ఇక్కడే పెట్టీస్తాను."

సదాశివరావుగారు కలం మూత పెట్టారు. వారు చెడ్డవారు కాదు. "నీ బాధ మాకు అర్థమైనది. సముచిత మార్గమున దరఖాస్తు పెట్టుకొనుము. సానుభూతితో పరిశీలింతుము. సోమవారము వరకు వాహనము—"

గంగులు గోడకున్న కవరు తీసి చింపి తాళంచెవి తీసుకున్నాడు. ఎనిమిది నెలల్లో అతను వాళ్ళ కళ్ళ ముందు అనుమతి లేకుండా చేసిన మొదటి పని అది. బయటికొచ్చి బానెట్ మీది గుడ్డ లాగి పారేశాడు. దాలయ్య చేతిలో బ్యాటరీ, భుజాన గంగులు సంచితో అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. బండి రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది.

గోదాము గేటు ముందు ఆగాడు. స్టోర్‌కీపరు బయటికొచ్చి, నంబరు ప్లేటు చూసి, రాసుకుని, ఖాళీ సిలిండరు దింపించి నిండుది ఎక్కించాడు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

పదమూడు మలుపులు ఎలా దాటాడో అతనికి తెలియదు. పద్నాలుగోదాని దగ్గర పాతికేళ్ళ అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోయింది. దిగడానికి ఎవరూ లేరు. రాయి పట్టుకోవడానికి ఎవరూ లేరు. వెనక సిలిండరు, నలుగురు మోసే టిప్పరు కిట్టు. మొదటి గేరు వేసి వదిలాడు. బండి మూలగలేదు, జారలేదు, నిచ్చెన లాంటి ఆ ఎత్తుని మామూలు రోడ్డులా ఎక్కేసింది. పూట పని అని అతను ఫిబ్రవరిలోనే చెప్పాడు.

ఇంకో రెండు మలుపులు పైన కుర్చీ ఎదురొచ్చింది. నలుగురు మోస్తున్నారు, ఎస్తేరమ్మ పక్కన నడుస్తోంది. పారమ్మ మీద ఎవరిదో దుప్పటి కప్పారు. ఆమెను ముందు సీట్లోకి, ఎప్పుడూ కూర్చునే చోటికి ఎక్కించారు. ఎస్తేరమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుని, వెనక నుంచి తెచ్చిన సిలిండరు మర తిప్పి మూతికి గొట్టం పెట్టింది. పారమ్మ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. గొట్టం కొంచెం పక్కకు జరిపింది.

"స్వెట్టరు... తొడుక్కోనేదేటి?"

"నీకే తెచ్చినాను" అని సంచిలోంచి తీసి ఆమె మీద కప్పాడు.

"మలుపు కాడ... ఎవులు దిగినారు?"

"ఎవులూ దిగనేదే. అదే ఎక్కీసింది."

పారమ్మకు అది నమ్మబుద్ధి కాలేదు. తల అడ్డంగా ఊపింది. ఎస్తేరమ్మ గొట్టం మళ్ళీ సరిచేసింది. గంగులు బండి తిప్పాడు. కొండ దిగడానికి ఏ బండికీ శక్తి అక్కర్లేదు.

తరువాతి వారం సంఘం సమావేశమై గంగులుకి రెండు కాగితాలు పంపింది. ఒకటి ముద్ర తెంచినందుకు సంజాయిషీ అడుగుతూ. రెండోది అభినందిస్తూ. రెండోదానికి నివేదిక ప్రతి జతపరిచారు.

"సదరు వాహనము ఒక్క ప్రయాణికుడు దిగకుండ, ఒక్క రాయి పెట్టకుండ, సదరు నడక మలుపును ఎక్కినట్లు విచారణలో రూఢియైనది. కిట్టు పెట్టెలో నుండగనే ఇంతటి ప్రభావము చూపినందున, పెట్టెను తెరువవలసిన ఆవశ్యకత లేదని సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడుచున్నది. జిల్లాలోని పికప్ వాహనములన్నింటియందును ఇట్టి పెట్టె ఒక్కొక్కటి ఉంచవలెనని సిఫారసు చేయుచున్నది."

అటవీ కార్యాలయం కూడా ఒక లేఖ రాసింది. కిట్టు పని చేయలేదు గనుక అదనపు గాలి పీల్చబడలేదని, కావున అనుమతి రద్దయినదని, ఆ గాలి యథాప్రకారం కొండ మీదనే ఉన్నదని.

గంగులు జనవరి రెండున రిబ్బను కట్టిన పెట్టెతో సహా బండిని జోడుమెట్టకు తోలుకొచ్చాడు. నడక మలుపు దగ్గర ఆపాడు. జనం దిగలేదు. దిగనక్కర్లేదని అందరికీ తెలిసిపోయింది. అతనొక్కడే దిగి, కుప్పలోంచి ఒక రాయి తీసి ముందు సీట్లో పెట్టుకుని మళ్ళీ ఎక్కాడు. ఇంటికెళ్ళి సంచి విప్పాడు. రెండు చొక్కాలు, లుంగీ, తువ్వాలు, గొడుగు, స్వెట్టరు, ఖాళీ పచ్చడి సీసా. ఆమె పెట్టినవన్నీ తిరిగొచ్చాయి.

పారమ్మ డిసెంబరు పంతొమ్మిది, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలకు సంచి లేకుండా కొండ దిగింది. తిరిగి రాలేదు.